నా జాబితాకెక్కని గుడ్లగూబ

గోదావరి నడుమనున్న మా లంకలో నలభై ఏళ్లకు పైగా చెట్లెక్కి కొబ్బరి దింపు తీసిన బాబాయిగారు కన్నుమూశారని పోయిన నెల కబురు వచ్చేసరికి, నేను రాజోలులో నా జిరాక్సు దుకాణం తెరుస్తున్నాను. ఎత్తిన షట్టరు మళ్లీ దించి, రేవుకు వెళ్లిపోయాను.

ఆయన నాకు చుట్టం కారు. లంకలోని పక్షుల జాబితా రాసుకుంటూ తోటలు తిరిగే నాకు, చెట్టు మీద ఉండగానే పరిచయమైన మనిషి. "పుస్తకం బాబుగారూ, కిందనుంచి ఏం కనపడతాదండీ?" అని అక్కడినుంచే పలకరించేవారు. ఏ చెట్టు ఎక్కబోయినా ముందుగా మానును అరచేత్తో రెండుసార్లు తట్టేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "పైన కాపురముండేవోళ్లకి చెప్పి ఎక్కాలి కదండీ" అన్నారు.

నేను కళ్లారా చూడనిదేదీ నా జాబితాలో చేర్చను. మాకు పేచీ వచ్చింది ఆ నియమం దగ్గరే. లంకలో పిడికెడంత గుడ్లగూబ ఒకటుందనీ, అది మిగతావాటిలా కీచుమనదనీ, ఒక్క కూత కూసి, కాసేపాగి, మళ్లీ అదే కూత కూస్తుందనీ ఆయన ఎన్నోసార్లు చెప్పారు.

"చూశాక రాస్తాను బాబాయ్" అనేవాణ్ణి.

"నేను చూసేనుగా!" అనేవారు.

ఆమధ్య, ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవి అడవిలో కొత్త జాతి గుడ్లగూబను శాస్త్రవేత్తలు గుర్తించారని చదివి, సంబరంగా ఆయనకు వినిపించాను. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన పిట్టే అదట. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "కొత్తదెవరికండీ? ఆ ఊరోళ్లకా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మనదాన్ని కూడా ఎక్కించండి బాబూ. నేను పోతే, అదుందని చెప్పేవోడు ఉండడు."

అప్పటికీ నేను రాయలేదు.

దినకార్యం అయ్యాక, ఆయన భార్య నన్ను తోట చివరికి తీసుకెళ్లి ఒక చెట్టు చూపించారు. పైన ఆకులు పుట్టే మొవ్వకు దిగువన గుండ్రని తొర్ర ఉంది.

"ఈ చెట్టొక్కటీ దింపేవోరు కాదు బాబూ. లోపల ఆ పిట్ట పిల్లల్ని పెడతాదంట. తోటగలాయన వచ్చి, 'దీన్నెందుకొదిలేసేవయ్యా?' అంటే, 'కాయ ముదరలేదండి, ఆయ్' అనేవోరు. మూడేళ్లు ముదరలేదు ఆ కాయ! ఆ తోటగలాయనకీ తెలుసులెండి." ఏడుస్తూనే ఆవిడ నవ్వేశారు.

చాలాసేపు చూశాను. తొర్రలో నాకేమీ కనిపించలేదు. అక్కడే నిలబడి, పుస్తకం తీసి, ఆ పిట్టను రాశాను. 'చూసినవారు' అన్న గడిలో మొదటిసారిగా నా పేరు కాక, దింపు బాబాయిగారు అని రాశాను. ఆలస్యమైందని రాసుకోవడానికి అందులో గడి లేదు.

పుస్తకం మూసి కిందికి చూశాను. ఎవరూ దింపని కాయలు వాటంతటవే రాలి, మాను చుట్టూ మొలకెత్తి ఉన్నాయి. అడుగు ఎక్కడ వేయాలో తెలియక ఇద్దరం కాసేపు ఆ లేత ఆకుల మధ్యే నిలబడిపోయాము.