దేవిదాస్ తేదీల పట్టింపు

దేవిదాస్‌కు ఎవరి పేరూ గుర్తుండదు. కానీ ఏ కంప్యూటర్ ఫైలును చివరిసారి ఎప్పుడు మార్చారో నిమిషాలతో సహా చెబుతాడు. ఆ తేదీ చెదిరిందంటే ఆయనకు అన్నం సయించదు. భార్య పోచవ్వ పుట్టినరోజు మాత్రం ఇప్పటికీ తెలియదు.

2007లో ఆర్మూర్‌లో, దేవిదాస్ పనిచేసే చంద్రయ్య కంప్యూటర్ సెంటర్‌లో చేరిన రోజే కరుణశ్రీ ఈ తేనెతుట్టెను కదిలించింది. పాత ప్రోగ్రాములన్నిటినీ సబ్‌వర్షన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. ఎవరు ఏ మార్పు చేశారో అది గుర్తుపెట్టుకుంటుంది. తీరా ఫైళ్లను బయటికి తీస్తే అన్నిటి మీదా ఆ రోజు తేదీయే!

"అన్నీ ఇయ్యాలనే పుట్టినయా? సంచి మారిస్తె పాత పసుపు కొత్తదైతదా బిడ్డా?" అన్నాడు దేవిదాస్.

"గట్లనే ఉండాలె సార్. పాత తేదీ ఉంటే ఫైలు మారలేదనుకొని మిషిను పాత ప్రోగ్రామే నడుపుతది."

"మిషినుకు తెల్వి లేదని మనం అబద్ధమాడాల్నా?"

వాదన నెల రోజులు నడిచింది. చివరికి ఆయన పాత డిస్కులోని తేదీలన్నీ పదకొండు పేజీలు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, చాయ్ తెచ్చే ఏసయ్యకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు.

"గీ ఫైలు నీ చిన్నబిడ్డ కంటె ఐదు దినాలు పెద్దది, ఎరుకేనా?"

"జర చాయ్ తాగుండ్రి సారూ. దాని తేదీ గూడ దాటిపోతున్నది."

మరుసటి ఏడాది పసుపు సీజన్‌లో మార్కెట్ యార్డుకు రైతుల బండ్లు పోటెత్తాయి. అక్కడ వరుస నెంబర్లిచ్చే సెంటర్ వాళ్ల టోకెన్ ప్రోగ్రాం తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టి, నూరో రైతుకు మళ్లీ ఒకటో నెంబరు ఇచ్చింది. ఒకటో నెంబరు రైతులిద్దరూ ఒకరి తలపాగా ఒకరు గుంజుకున్నారు.

చంద్రయ్య సబ్‌వర్షన్ తెరిపించి చూశాడు. "టోకెన్ ఫైలు మీద నీ పేరే ఉన్నది. రేపటి సంది రాకు."

ఎక్కించింది ఆమె కాబట్టి ఉన్నది ఆమె పేరే. కరుణశ్రీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది.

దేవిదాస్ తన పేజీలు పట్టుకొచ్చాడు. "ఆగు సేటు. గీ ఫైలు ఆఖరుకు మార్చింది రెండువేల మూడు, జూన్ పద్నాలుగు, పదకొండు ఇరవైకి. గప్పుడు గీ పిల్ల ఇంటర్ చదువుతున్నది."

"మరి గప్పుడు సెంటర్ల ఎవలుండె?"

"నువ్వు, నేను. నీకు కంప్యూటర్ చాలు చేసుడే రాదు."

చంద్రయ్య నోరు తెరిచాడు. "అంటే నువ్వేనా?"

"నేనే. నూరు బండ్లు ఎన్నడు రాకపోతుండె, రెండంకెలు సాలనుకున్న. తీసేస్తె నన్ను తీసెయ్. గని ముందుగాల ఆమెను కూసోవెట్టు, సక్కదిద్దుడు ఆమెకే వస్తది."

కరుణశ్రీ కూర్చుంది. "మీ తప్పే బయటపడ్తదని ఎరుకలేదా సార్?"

"ఎరుకే. నా తప్పు నీ మీదికి రావొద్దనే గద బిడ్డా, గీ రాసిపెట్టుకునుడు."

చంద్రయ్య ఎవరినీ తీసెయ్యలేదు. యార్డు నుంచి ఫోను మీద ఫోను వస్తుంటే ఇద్దరికీ చాయ్ చెప్పాడు.

"మూడంకెలు వెడుతున్న. సాల్తయా సార్?"

"నాలుగు వెట్టు. రైతుల పంట పండనియ్యి."