సుందరం గారి బొండాలు ఏ పాపమూ ఎరగవు

కొన్నేళ్లుగా గుండెల మీద కొబ్బరిగెల పెట్టుకుని తిరుగుతున్నాను. దించుకుందామంటే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఫ్లూ పాఠమంటే నాకు ప్రాణం. వైరస్ దూరగానే మన కణం "దొంగ, దొంగ" అని పక్క కణాలకు కేక వేస్తుంది. ఈ గడుసుది ఒక ప్రొటీన్‌తో ఆ నోరు కాస్తా నొక్కేస్తుంది. పైగా ఏటా పైచొక్కా కొంచెం మార్చుకుని వస్తుంది, నిరుటి యాంటీబాడీలు సరిగ్గా గుర్తుపట్టలేవు. కణాన్ని అంటుకుని ఉన్న పిల్ల వైరస్‌లు కత్తెరలాంటి ఎంజైముతో తెంచుకుని బయటపడతాయి. డాక్టర్లిచ్చే మాత్ర ఆ కత్తెరను పట్టేస్తుంది. నోరు నొక్కే ప్రొటీన్‌నే అడ్డుకునే మందు కోసం ఇంకా వెతుకుతున్నారు. ఇంత తెలిసినదాన్ని నేనేం చేశాను?

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో నాకే ఫ్లూ వచ్చింది. డాక్టరు గారు వెంటనే ఆ మాత్ర రాసి, నలుగురిలోకి వెళ్ళొద్దన్నారు. అటు చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. సోలో నాది. నేను వెళ్ళకపోతే అది మా తోడికోడలికి పోతుంది. ఆవిడ శ్రుతి ఎలా ఉంటుందో చెప్పి ఇంకో పాపం మూటగట్టుకోను. జ్వరం బిళ్ళ వేసుకుని, ఒళ్ళు చల్లబడగానే వెళ్ళి, అందరి మధ్యా నిలబడి గొంతెత్తి పాడాను.

పండగకి ముందే బృందమంతా మంచమెక్కింది. ఎందుకిలా జరిగిందని అందరూ తలలు పట్టుకుంటే, జువాలజీ ఎమ్మెస్సీని, నేనేమన్నాను? చలికాలంలో కొబ్బరినీళ్ళు తాగితే మరి జలుబు చెయ్యదా అన్నాను. సైన్సు మేడమే అన్నాక ఇంకేముంది!

ప్రాక్టీసుకు బొండాలు తెచ్చేది సుందరం గారు. అంబాజీపేట దగ్గర ఆయనకు తోట ఉంది. ఎవరూ అడక్కుండానే తెచ్చి, తనే కొట్టి అందరికీ ఇచ్చేవారు. మాలో అందరికన్నా నిండైన గొంతు ఆయనదే. నా మాటతో బొండాలు మానేశారు, సిగ్గుపడి పాటే మానేశారు. పండగనాడు, మాత్ర పుణ్యమా అని కోలుకున్న నేనొక్కదాన్నే పాడాను. దేవుడు నన్ను ప్రత్యేకంగా కాపాడాడని పాస్టరు గారు మైకులో చెప్పారు. తల వంచుకున్నాను. అందరూ వినయమనుకున్నారు.

మొన్న క్రిస్మస్ ఆరాధన అయ్యాక సుందరం గారు చివరి బెంచీ నుంచి లేచి నా దగ్గరకు వచ్చారు.

"మేడం గారండీ, ఆ యేడు నా బొండాల వల్ల ఎంత అవస్థ పడ్డేరో అండి మీరంతా. ఇప్పటికీ నిద్ర పట్టదండి నాకు. మనసులో పెట్టుకోకండేం."

చెప్పెయ్యాలి కదా? చెప్పెయ్యాలనే నోరు తెరిచాను.

"అయ్యో, నేనెప్పుడో క్షమించేశానండి."

"ఆయ్! మీది పెద్ద మనసండి," అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

క్షమించానట! తప్పు చేసినదాన్ని నేను, ఏ తప్పూ చెయ్యని మనిషిని. నిజం చెబితే ఆయన నన్ను క్షమిస్తారా? అక్కడికక్కడే క్షమించి, మర్నాడు మా ఇంటికి బొండాలు పంపిస్తారు. అది తట్టుకోలేకే చెప్పడం లేదా, లేక నలుగురిలో నా పరువు పోతుందనా? పరువు కోసమే. రాస్తుంటే సిగ్గేస్తోంది. రేపు ఆయన ఎదుట నిలబడి చెప్పగలనో లేదో తెలియదు. మీతో మాత్రం చెబుతున్నాను. ఆ జ్వరం నాదండి. అబద్ధమూ నాదే. అమ్మయ్య, అనేశాను.