లారీకి చెవులు కుట్టించిన రోజు

మా బావకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు మా అక్క కన్నవాళ్లు, మూడోది లారీ. ఆ మూడోదాని మీద ఈగ వాలినా ఊరుకోడు. అశ్వారావుపేట తోటల నుంచి పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలే ఆ బండిలో నాకూ సగం వాటా ఉంది. కాకపోతే స్టీరింగ్ పట్టేది బావ, మాటలు పడేది నేను.

కిందటేడు ఇంజన్ విప్పి బాగుచేసినప్పుడు కొత్తగూడెం మేస్త్రీ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఆయిల్లో మసి చేరి లోపలంతా అరిగిపోతోందని, ఇంకోసారి ఇలాగే అరిగితే బాగుచేయడానికి ఏమీ మిగలదని, బండిని తుక్కుకు ఇచ్చుకోవడమేనని. ఉన్న ఫిల్టరుకు తోడుగా బైపాస్ ఫిల్టరు బిగించుకోమన్నాడు. అది ఆయిల్‌ను కొంచెం కొంచెంగా పక్కదారి పట్టించి, మామూలు ఫిల్టరు వదిలేసే సన్నటి మసిని కూడా ఆపి, తిరిగి ఇంజన్‌లోకే పంపుతుంది. నాకు నచ్చింది, కొనుక్కొచ్చాను.

ఆయిల్ తిరిగొచ్చే పైపు కోసం ఇంజన్‌కు ఒక బెజ్జం వేయాలనేసరికి బావ అడ్డం తిరిగాడు. అతను ఒకప్పుడు జీతానికి నడిపిన లారీకి ఎవరో ఇలాగే ఇంజన్ అడుగున బెజ్జం పెడితే, ఇనప రజను లోపల పడి దారిలోనే ఇంజన్ పట్టేసింది. ఆ బండి మళ్లీ లేవలేదు.

"ఇంజన్‌కు బెజ్జం పెడితే నేను మళ్ల స్టీరింగ్ ముట్ట. నీ బండి నువ్వే తోలుకో" అన్నాడు.

బావ అన్నాడంటే అంతే. ఫిల్టరు పెట్టకపోతే బండి పోతుంది, పెడితే బావ పోతాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మేస్త్రీ ఆలోచించి, ఆయిల్ పోసే మూతకే బెజ్జం పెడదామన్నాడు. మూతను ఊడదీసి బయటే పని కానిచ్చి, డీజిల్‌లో కడిగి పెడితే లోపలికి రజను పోయే ప్రశ్నే లేదు. అయినా బావ మెత్తబడలేదు. మూత మాత్రం ఇంజన్‌ది కాదా అని వాదన. అన్నం దగ్గర కూడా అదే గోల. వడ్డిస్తున్న అక్కకు విసుగొచ్చింది.

"బిడ్డ, బిడ్డ అని నెత్తిన పెట్టుకుంటవ్. బిడ్డకు చెవులు కుట్టియ్యవా?"

బావ ముద్ద నోటి దగ్గరే ఆగింది. పెద్దపిల్లకు చెవులు కుట్టించాల్సి వచ్చినప్పుడు ఈ మనిషే, పాప ఏడుస్తుందని వాయిదాల మీద వాయిదాలు వేశాడు. చివరికి మేనమామనని నేనే ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అక్క అంతటితో వదల్లేదు, లారీకి కూడా మేనమామ ఉన్నాడు, వాడే పట్టుకుంటాడు అంది. బావ కాసేపు అన్నం కెలికి, మంచి రోజు చూడమన్నాడు.

ఆ రోజు మేస్త్రీ షెడ్డులో అక్క అందరికీ బెల్లం, నానబెట్టిన శనగలు పంచింది. మూతకు పైవైపు పసుపూ కుంకుమా పెట్టింది. ఇలాంటి ఫిట్టింగ్ తానెప్పుడూ చూడలేదని మేస్త్రీ నవ్వాడు, నవ్వుతూనే చెప్పులు విడిచాడు. మేనమామ హోదాలో నేను మూతను ఒళ్లో పెట్టుకున్నాను. అక్కడే డ్రిల్లు తిప్పితే నా తొడకు పడుతుంది బెజ్జమని మేస్త్రీ దాన్ని లాక్కుని బల్ల మీది వైసులో బిగించాడు. డ్రిల్లు మొదలవగానే బావ మొహం తిప్పుకుని గోడకు ఆనించిన పాత టైర్లను చూడసాగాడు. తర్వాత మేస్త్రీ కడిగింది చాలక, మూతను బావే తన తువ్వాలుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ కడిగాడు.

ఫిల్టరు ఛాసిస్‌కు బిగించి, పైపులు కలిపి, కొత్త ఫిల్టరు తాగే ఆయిల్ అదనంగా పోశాం. స్టార్ట్ చేయమంటే బావ కదల్లేదు. నేనే ఎక్కి తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది గానీ, ఆయిల్ లైటు ఆరలేదు. ఎర్రగా అలాగే వెలుగుతోంది. లోపల ఆయిల్ అందడం లేదని దానర్థం, ఇంజన్ ఆపేద్దామని తాళం మీద చెయ్యి వేశాను. ఫిల్టరు నిండేదాకా ఆగమని మేస్త్రీ కింద నుంచి కేకేశాడు. బావ ఇంజన్ వైపు చెవి పెట్టాడు.

లైటు ఆరింది. పైపుల దగ్గర చుక్క కూడా కారలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో కేబిన్ తలుపు తెరుచుకుంది. బావ ఒక కాలు పైన పెట్టి, తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"జరుగు బామ్మర్ది" అన్నాడు. "తోటల గెలలు ఎండుతున్నయ్."