మా వియ్యంకుడి విళ్ల గోడ

మా వియ్యంకుడు పోయారన్న వార్త నాకు గద్వాల స్టేషను బయట తెలిసింది. పొద్దుటి రైలు దిగిన బట్టల వ్యాపారి ఒకాయన నన్ను చూసి మూట కింద పెట్టి, "పంతులూ, వనపర్తిల విండ్లాయన మీకు చుట్టమే గద?" అని అడిగాడు. అవునన్నాను.

"నిన్న పోయిండు. పొద్దుగాల్ల మజ్జిగ తాగి, జర నడుము వాలుస్త అన్నడంట. మళ్ల లేవలే."

ఆ వ్యాపారికి ఆయన పేరు తెలియదు. వనపర్తిలోనే సగం మందికి తెలియదు. విళ్లు పోగుచేసే విండ్లాయన అంటే చాలు, ఏ టాంగావాడైనా నేరుగా ఆ ఇంటి ముందు దించేవాడు. ఆయన్ను ఎరగని మీకోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎరిగినవాళ్లు ఎలాగూ చదువుతూ చదువుతూ నవ్వుకుంటారు, ఆయన తలపుకు వస్తే ఎవరికైనా ముందు వచ్చేది నవ్వే కాబట్టి.

ఆయన సిపాయి కాదు, వేటగాడు అంతకన్నా కాదు. సంస్థానం మామిడి తోటల మీద అజమాయిషీ చేసేవారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పిట్ట మీద కూడా బాణం వేయలేదు. అసలు ఇంట్లో ఒక్క బాణం ఉండేది కాదు. అదేమని అడిగితే, "బాణాలెందుకు బావా? అవి పొయ్యేటియి. విండ్లు ఉండేటియి" అనేవారు. పని మీద ఊళ్లు తిరిగినప్పుడల్లా పాత విళ్ల కోసం ఆరా తీసేవారు. ఎవరింట్లోనైనా ఒకటి దొరికితే, తాను పెరట్లో అంటుకట్టి పెంచిన మామిడి మొక్క ఇచ్చి దాన్ని తెచ్చుకునేవారు. అలా తెచ్చినవి హాలులో ఒక గోడ నిండా వేలాడుతుండేవి.

ఆ గోడను మేం మొదటిసారి చూసింది మా పెద్దమ్మాయికి సంబంధం మాట్లాడటానికి వెళ్లినప్పుడు. తెల్లవాళ్ల సీమలో యుద్ధం మొదలైందని పత్రికల్లో చదువుతున్న రోజులవి. గుమ్మం దాటగానే మా ఆవిడ ఆగిపోయింది. నా చెవి దగ్గర, "యుద్ధం మనదాంక వస్తదని వీండ్లకు ముందే ఎట్ల తెల్సింది?" అన్నది.

లోపల కూర్చున్నాక ఆయన మా గోత్రం అడగలేదు, పిల్లకు వంట వచ్చా అని అడగలేదు. మంచినీళ్లు ఇప్పించి, కుర్చీ నా దగ్గరికి లాక్కుని, "మీ గద్వాల దిక్కు పాత విండ్లు ఏమన్న కండ్ల పడ్డయా?" అన్నారు. పిల్లవాడు తల వంచుకుని నేల చూస్తున్నాడు. చాలా ఏళ్లుగా ఇలాంటి సందర్భాల్లో నేల చూసి అలవాటైన మనిషిలా ఉన్నాడు.

మా ఆవిడ ఇక ఆగలేక లోపలికి వెళ్లి వియ్యపురాలినే ఈ విళ్ల సంగతేమిటని అడిగేసింది. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పిందట: "తాగడు. పేకాడడు. నోరు లేవదు. కట్టెలు తెస్తడు. ప్రతి ఇంట్ల మొగోనికి ఏదో ఒక పిచ్చి ఉంటది గద వదినె, ఇది నయం."

మా ఆవిడ బయటికి వచ్చి నాకు తల ఊపింది. సంబంధం అలా కుదిరింది.

పెళ్లయ్యాక నేను వెళ్లినప్పుడల్లా ఆయన నాకు గోడను పాఠంలా చెప్పేవారు. చెంచుల వెదురు విల్లు. రాళ్లు విసిరే ఉండేలు, దానికి రెండు నారులు, మధ్యలో రాయి పెట్టేందుకు చిన్న జోలె. మొత్తం ఉక్కుతోనే చేసినది ఒకటి, దాన్ని ఎత్తితేనే నా భుజం పట్టేసింది. ఏ విల్లుకూ ఆయన నారి ఎక్కించి ఉంచేవారు కాదు. ఎప్పుడూ బిగించి ఉంచితే విల్లు జీవం పోతుందట. ఆ మాట ఆయన నోట్లో ఎంత నానిందంటే మనుషులకు కూడా అదే వైద్యం చెప్పేవారు. ఒకసారి మా ఆవిడ, నేను ఆయన ముందే ఏదో మాట మీద మాట అనుకుంటుంటే, ఆయన మెల్లగా, "బావా, ఇంటికొచ్చిండ్రు గద. జర నారి దించుండ్రి" అన్నారు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. తగాదా దేని గురించో నాకు ఇప్పుడు గుర్తు లేదు.

ఆ గోడకు ఒక మూల, పైకప్పు దాకా నిలబెట్టిన పెద్ద విల్లు ఒకటి ఉండేది. అది పూర్వం యుద్ధాల్లో వాడిన విల్లని చెప్పి ఒక ముసలాయన ఇచ్చి, రెండు అంటు మొక్కలు, ఏడాదికి సరిపడా జొన్నలు తీసుకుపోయాడు. చూసిన వాళ్లంతా పడీపడీ నవ్వారు. ఎందుకంటే అది దూది ఏకే విల్లు. పరుపులు కుట్టే ప్రతి ఇంటి ముందూ అలాంటిది టంగు టంగున మోగుతూ వినబడుతుంది. ఊళ్లో పిల్లల దగ్గర్నుంచి కచేరీలో పెద్దల దాకా ఆయన్ను ఆటపట్టించారు. ఆయన మాత్రం, "నారి గుంజితే మోగుతది. మోగుతదా లేదా? మరి విల్లే గద" అని ఊరుకునేవారు.

నాకు ఆయన మోసపోవడం కష్టమనిపించి, ఒకరోజు ఒంటరిగా ఉన్నప్పుడు విషయం విప్పి చెప్పాను. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"నాకు తెల్వదనుకున్నరా బావా? ఆ ముసలాయనకు కుడిచెయ్యి పడిపోయింది. ఇంక దూది ఏకలేడు. పెట్టింది తిననీకి మనసొప్పదు, పనిముట్టు అమ్ముకున్నడని పదిమంది అనుకునుడు అంతకన్న ఒప్పదు. అందుకని యుద్ధం విల్లన్నడు. నేను యుద్ధం విల్లనే తీసుకున్న. మీరు గిట్ల ఎవరితోనన్న అంటే నా మీద ఒట్టు."

ఆ ముసలాయన ఎప్పుడో పోయాడు. ఒట్టు పెట్టిన ఆయన కూడా పోయారు కనుక ఇప్పుడు చెబుతున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా ఆయన్ను గురించి రాయడం అన్యాయం.

మానవపాడులో ఒక రైతు ఇంటి అటక మీద కొమ్ముతో చేసిన విల్లు ఉందని నాకు తెలిసింది. కొమ్ము, కట్టె, పశువుల నరాలు పొరలు పొరలుగా అంటించి చేసే అలాంటి విల్లు కోసం ఆయన ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నారు. నేను ఉత్తరం రాశాను. తిరుగు టపాలో జవాబు వచ్చింది: "బావా, ముట్టకుండ్రి. శనివారం పగటి బండికి వస్త. నేనొచ్చేదాంక సూసుకుంట కూసోండ్రి." ముట్టకుండ్రి అన్న మాట కింద గీత కూడా గీశారు.

శనివారం పొద్దున నేను ముందుగా వెళ్లి కూర్చున్నాను. ఆ ఇంటి ముసలమ్మ విల్లును గుడ్డలోంచి తీసి నా ముందు పెట్టి, తన షరతు చెప్పింది.

"ఊరికే ఇయ్య. నేను కాపురానికొచ్చినప్పటి సంది ఇది గిట్లనే ముడుసుకొని పండుకున్నది. ఒక్కసారి తాడు కట్టి సూపెడితే ఇస్త."

"మా వియ్యంకుడు వచ్చి కడతారమ్మా."

"ఆయనొచ్చేదాంక ఏంది? నీకు చాతగాదా పంతులూ?"

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలను గదమాయించిన నాకు ఆ చూపు గుచ్చుకుంది. విల్లు చేతిలోకి తీసుకున్నాను. మోకాలు ఆనించి వంచాను.

కొమ్ము విల్లు నారి దించితే వెనక్కి తిరిగి ముడుచుకుంటుంది. ఎక్కించేటప్పుడు ఆ వంపుకు ఎదురు తిప్పి వంచాలి. ఇది ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ నేను వినకుండానే తల ఊపాను. ఇప్పుడు అది ఎటు ముడుచుకుని ఉందో అటే ఇంకా వంచాను.

ఆ చప్పుడుకు వాకిట్లో పడుకున్న ఎద్దు లేచి నిలబడింది. విల్లు రెండు ముక్కలై నా రెండు చేతుల్లో ఉంది.

ముసలమ్మ, "కట్టుడంటే గిదేనా?" అన్నది.

పగటి బండి వచ్చేదాకా నేను పడిన పరేషాన్ ఎవరికీ వద్దు. ఎన్ని అబద్ధాలు తయారుచేసుకున్నానో. ఆయన చెమటలు కక్కుకుంటూ, చంకలో మామిడి మొక్కతో వాకిట్లోకి వచ్చేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. ముక్కల మీద నా తువ్వాలు కప్పి ఉంది. ఆయన తువ్వాలును చూశారు, నన్ను చూశారు. మొక్క కింద పెట్టి, తువ్వాలు ఎత్తి, ముక్కల ముందు చతికిలబడ్డారు. 

తర్వాత ఒక ముక్క ఎత్తి విరిగిన చోటు ఎండకు పెట్టి చూశారు.

"బావా, గిటు రాండ్రి. సూడుండ్రి, ఇది కొమ్ము. నడుమ కట్టె. ఇగో, మీద ఈ పీసుపీసుగున్నదే, ఇది నరం. ముప్పై ఏండ్ల సంది దీని లోపల ఎట్లుంటదో సూడాలని ఉండె. ఒక్కటి దొరికినా కోయనీకి మనసెట్ల వస్తది? మీ పుణ్యమాని సూసిన."

ముసలమ్మ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇరగ్గొట్టినోడు ఒకడు, సంబురపడేటోడు ఒకడు. మీకు పిల్లనెవరిచ్చిండ్రయ్యా?"

"ఈయన కొడుక్కు నేనే ఇచ్చానమ్మా" అన్నాను.

షరతు తీరకపోయినా ఆమె ముక్కలు ఇచ్చింది, మొక్క తీసుకుంది. తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. గద్వాల దగ్గర పడుతుండగా ఇటు తిరిగారు.

"ఎటు వంచొద్దో నేను మీకు చెప్పిననా?"

"చెప్పారు."

"ఎన్నిసార్లు?"

"పదిసార్లు."

"పదకొండోసారి చెప్పకపోవుడు నాదే తప్పు" అని మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

అతికించే ఉపాయమేదైనా ఉందేమోనని ఆ ముక్కలు పట్టుకుని నాగర్‌కర్నూలు మీదుగా మన్ననూరు దాకా పోయాం. అక్కడ ఒక చెంచు పెద్దమనిషి వాటిని తిప్పి తిప్పి చూశాడు, వాసన చూశాడు, అంతా విన్నాడు. లేచి వెదురు కొట్టి తెచ్చి, మేం అతనిచ్చిన తేనె నాకి వేళ్లు కడుక్కునేలోగా కొత్త విల్లు చేసి ఈయన చేతిలో పెట్టాడు. "ఇది ఇరిగితే ఇంకోటి చేస్త. కట్టెకు ఏడుసుడెందుకు?" అన్నాడు.

 అడవి దాటాక వియ్యంకుడు, "ఆయన చెప్పింది నిజమే బావా. గని నాకు పనికిరాదు" అన్నారు.

కొత్త వెదురు విల్లుకూ ఆ రెండు ముక్కలకూ గోడ మీద చోటు దొరికింది. ముక్కలు సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉండేవి. వచ్చిన ప్రతి చుట్టం వాటిని గురించి అడిగేవాడు. నేను పక్కనే కూర్చుని నేల చూసేవాణ్ణి. ఆయన మాత్రం ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు: "అది మా ఇయ్యంకుడు తెరిచి సూపెట్టిన విల్లు." అన్నేళ్లలో ఒక్కసారైనా విరిచిన విల్లు అనలేదు.

పదకొండో రోజుకు మేమంతా వనపర్తిలో ఉన్నాం. గోడకు సున్నం వేయడానికి విళ్లన్నీ వాకిట్లోకి దించారు. సున్నం ఆరాక మా అల్లుడు వాటిని మళ్లీ తగిలించడం మొదలుపెట్టాడు. పుట్టినప్పటి నుంచి వాటి మధ్యే ఉన్నా ఒక్కదాన్నీ చేత్తో తాకని మనిషి. ఏది ఎక్కడిదో అతనికి తెలియదు. చేతికి వచ్చినదాన్ని మేకుకు పెడుతున్నాడు.

లోపలి గదిలోంచి వియ్యపురాలి గొంతు వినిపించింది. "అది గాదు. ఆడ ఉండేలు."

అల్లుడూ నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె కూర్చున్న చోటు నుంచి ఈ గోడ కనబడదు. కట్టె మేకుకు తగిలిన చప్పుడును బట్టి చెబుతున్నది. అల్లుడు దాన్ని తీసి ఉండేలు పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. "తలకిందులు పెట్టినవు." సరిచేశాడు. ఉక్కు విల్లు ఖంగుమంది. "ఊ, గదే." అలా ఒక్కొక్కటే, ఒక్క తప్పు పోనీయకుండా, గోడంతా నింపించింది.

చివరికి మన్ననూరు వెదురు విల్లు మిగిలింది. అల్లుడు దాన్ని పట్టుకుని ఆగాడు. 

"కింది మేకుకు పెట్టకు" అన్నది వియ్యపురాలు. "పై దానికి. మీ నాయిన కాలివేళ్ల మీద లేసి పెడుతుండె."

మా అల్లుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాలివేళ్ల మీద లేచాడు. కొత్త సున్నం అతని భుజం మీద రాలుతోంది. విల్లు కొస మేకుకు ఇంకా జానెడు కిందనే ఉంది.