ఖాళీ తక్కెడ

కొత్త చింతపండు వాసనకు ఇప్పటికీ నా పళ్ళు పులుస్తాయి. నిన్న హిందూపురం మార్కెట్లో ఆ వాసన తగలగానే కాస్త ఛాతీ విరుచుకున్నాను. ఇదే వీధిలో నిక్షేపంలా నడుస్తున్న చింతపండు మండీని తమ్ముడికి వదిలేసి, కంటికి కనబడని న్యూట్రాన్ల వెంట బొంబాయి వెళ్ళిన ఘనుణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. ఇంత నష్టపు బేరం మావాళ్ళెవరూ చెయ్యలేదు.

నన్ను ఆ బేరంలోకి దించింది నాగభూషణం గారు. పెనుకొండ మనిషి, 1960ల మొదట్లో బొంబాయి ప్రయోగశాలలో నా పైఅధికారి. ప్రకృతికి కుడి ఎడమల పక్షపాతం లేదన్న పాత నమ్మకం అప్పటికే బీటా కిరణాల దగ్గర చెడింది. న్యూట్రాన్‌ను మింగిన పరమాణు కేంద్రంలోనూ ఆ పక్షపాతం ఉందా అన్నది మా వెతుకులాట. న్యూట్రాన్ల భ్రమణాన్ని అయస్కాంతంతో ఒకే దిక్కుకు తెచ్చి, కాడ్మియం బిళ్ళ మీదికి పంపి, వెలువడే గామా కిరణాలను అటూ ఇటూ లెక్కించేవాళ్ళం. ఒకవైపు రవ్వంత ఎక్కువ వచ్చింది. అయస్కాంతాన్ని తిప్పితే ఆ ఎక్కువ రెండోవైపుకు మారింది. వ్యాసం రాసేశాం, పత్రికకు పంపడమే తరువాయి. అందులో ఆయన పేరు కింద నా పేరు. మండీ వదిలినందుకు నాయనకు చూపించుకోవడానికి నా దగ్గర ఉన్నదల్లా అదే.

సెలవులో ఊరికి వచ్చినప్పుడు నాగభూషణం గారు మా మండీకి వచ్చారు. నాయన చింతపండు తూచబోతే, మా సీమలో కొనేవాళ్ళు అడిగే మాటే ఆయనా అడిగారు.

"ముందు ఖాళీ తక్కెడ చూపియ్యప్పా."

"మావానికి అన్నం పెట్టే సామివని ఊరుకుంటాండా," అని నవ్వి, నాయన ఖాళీ తక్కెడ ఎత్తాడు. దాని దండె ఎటూ వంగలేదు. కానీ సార్ ముఖం వాడిపోయింది. చింతపండు మరిచిపోయి వీధిలోకి నడిచారు.

"మనం చూసినామా అప్పా, ఖాళీ తక్కెడ?"

చూడలేదు. న్యూట్రాన్ల దారిలో పలచటి ఇనుప రేకు పెడితే వాటి భ్రమణ దిశ చెదిరిపోతుంది. అప్పుడు అటూ ఇటూ తేడా రాకూడదు. అదే మా ఖాళీ తక్కెడ. తొందరలో దాన్ని వెనక్కి నెట్టాం.

తిరుగు ప్రయాణంలో ధర్మవరం స్టేషన్లో టీ తాగుతూ మెల్లగా కదిపాను. "వ్యాసం పంపేసి ఆమీద చూద్దాం సార్."

"మీ నాయన దుడ్లు తీసుకొని ఆమీద తక్కెడ చూపిస్తాడా?"

రేకు పెట్టి చూశాం. తేడా చెక్కుచెదరలేదు. అంటే అది న్యూట్రాన్లది కాదు, అయస్కాంతమే మా లెక్కింపు గొట్టాల అంకెలను అటూ ఇటూ లాగుతోంది. నేను బేరానికి దిగాను. "ఇందులో సగమన్నా నిజముండదా సార్? పోనీ, పావు?"

"ఇది చింతపండు గాదబ్బా, పెంకులు ఏరేసి తూచేదానికి," అంటూ ఆయన వ్యాసాన్ని సొరుగులో పెట్టి మూశారు.

తర్వాత వేరే దేశంవాళ్ళు కాడ్మియంలోనే ఆ తేడాను పట్టుకున్నారు. వాళ్ళ వ్యాసంలో సార్ వేలు నేరుగా ఇనుప రేకు పరీక్ష రాసిన చోటికి వెళ్ళింది. "చూసినారప్పా వీళ్ళు," అన్నారు. ఆ గొంతులో అసూయ కోసం వెతికాను, దొరకలేదు. నాలో మాత్రం కావలసినంత ఉండింది.

ఏం తేలిందిరా అని నాయన అడిగితే, మా తక్కెడ వంకరని తేలిందన్నాను. నాయన, "అమ్మకముందే చూసుకున్నారు గదా," అని తన పనిలో పడ్డాడు.

నిన్న ఖాళీ తక్కెడ చూపించమంటే, అంగడివాడు కరెంటు కాటా మీట నొక్కి, "సున్నానే సార్," అన్నాడు. ఎర్ర అంకెలు నిలకడయ్యేదాకా చూశాను. ఇక నా లెక్క. పోయినవి ఒక మండీ, అచ్చులో ఒక పేరు. వచ్చింది ఈ చూసుకునే అలవాటొక్కటే. ఎటు తిప్పి తూచినా నష్టమే. నాగభూషణం గారు మళ్ళీ ఆ బేరానికి పిలిస్తే మాత్రం పోతాను, కాస్త బేరమాడి.