సగం వాక్యాల విచారణ

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన మూడో వేసవిలో, భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలకు నన్ను విచారణాధికారిగా వేశారు. అప్పటికి నేను కొత్తగూడెం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గెజిటెడ్ హెడ్‌మిస్ట్రెస్‌ని. అంతకు ముందు వేంసూరులోనూ తల్లాడలోనూ ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పనిచేశాను. విచారణ అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఒకచోట కూర్చుని, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి. నేనేమో పావుగంట కుర్చీలో కుదురుగా ఉండలేని మనిషిని. నడుస్తూ పాఠం చెప్పి, నడుస్తూ టిఫిన్ తిని, నడుస్తూనే రిటైరయ్యానని మా స్టాఫ్‌రూములో ఇప్పటికీ చెప్పుకుంటారట.

విషయం పదో తరగతి ఇంగ్లీషు జవాబు పత్రాలది. పబ్లిక్ పరీక్షల పత్రాలు దిద్దే శిబిరాన్ని మేం స్పాట్ అంటాం. పత్రం మీద పిల్లల పేరు గానీ, బడి పేరు గానీ ఉండవు, కోడ్ మాత్రమే ఉంటుంది. దిద్దే టీచరు అసిస్టెంట్ ఎగ్జామినర్. ఆయన దిద్దినవి సరిచూసే పై టీచరు చీఫ్ ఎగ్జామినర్. ఒక కట్టలో జవాబులు ఒకేలా కనిపిస్తే ఆ కట్టను పక్కన పెట్టి, కోడ్ విప్పి, ఏ బడిదో చూసి విచారణ వేస్తారు. అది తేలేదాకా ఆ పిల్లల ఫలితాలు ఆపుతారు. మామూలుగా ఇలాంటివి గదిలో కూర్చుని కాగితాల మీదే ముగుస్తాయి. ఆసారి మా పై అధికారి మాత్రం పిల్లల్ని చూసి మాట్లాడి రమ్మన్నారు. సోమవారం సాయంత్రానికల్లా నివేదిక తన బల్ల మీద ఉండాలన్నారు.

సొంతంగా మూడు కాంప్లెక్స్ సెంటెన్సులు రాయమన్నది ప్రశ్న. వ్యాకరణం మరిచిపోయినవారి కోసం రెండు మాటలు చెబుతాను. ‘ఇన్ ద ఫారెస్ట్’ అంటే అడవిలో. అందులో పనీ లేదు, చేసేవాడూ లేడు. అది ఫ్రేజ్, పదబంధం. ‘ద ఫ్లవర్స్ ఫాల్’ అంటే పూలు రాలతాయి. కర్త, క్రియ రెండూ ఉన్నాయి కాబట్టి అది క్లాజ్, ఉపవాక్యం. అది ఒక్కటే నిలబడితే సింపుల్ సెంటెన్స్. సమాన హోదా ఉన్న రెండింటిని ‘అండ్’ తోనో ‘బట్’ తోనో కలిపితే కాంపౌండ్. ముందు ‘వెన్’ తగిలించి ‘వెన్ ద ఫ్లవర్స్ ఫాల్’ అన్నారనుకోండి. పూలు రాలినప్పుడు... ఏమైంది? ఏమైందో చెప్పే రెండో సగం వచ్చేదాకా వినేవాడికి తోచదు. ఆ రెండు సగాలూ కలిస్తే కాంప్లెక్స్ సెంటెన్స్.

ఆ కట్టలో ఇరవై మందికి పైగా పిల్లల వాక్యాల మొదటి సగాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఇప్పపువ్వు రాలినప్పుడు, వాగు నిండినప్పుడు, తునికాకు కల్లం తెరిస్తే. రెండో సగాలు వేరువేరుగానే ఉన్నాయి. అయినా చీటీ చూసి తోక మార్చి రాయడం పిల్లలకు తెలియని విద్యేం కాదు. దిద్దిన టీచరును తప్పుపట్టలేను. ఆయన స్థానంలో నేనున్నా అనుమానించేదాన్నే.

శనివారం పొద్దున బడికి చేరేసరికి హాస్టల్ గదులకు తాళాలున్నాయి. సెలవులు. అక్కడ మిగిలింది ఇంగ్లీషు చెప్పే విజయ ఒక్కతే. సత్తుపల్లి వైపు అమ్మాయి, కాంట్రాక్టు టీచరు. నన్ను చూడగానే గబగబా ఎదురొచ్చింది.

“మేడం, ఒక్క మాట చెప్పనివ్వండి. నేను వీళ్లకు క్లాజులు ఎట్లా నేర్పానంటే...”

నేను చెయ్యెత్తి ఆపాను. విచారణకు ఒక వరుస ఉంటుంది. ముందు పిల్లల్ని, తరువాత ఇన్విజిలేటర్లను, చివరికి సబ్జెక్టు టీచరును అడగాలి. పిల్లల్ని ఒక్కొక్కరినే విడిగా పిలవాలి. మాట అందించకూడదు. సబ్జెక్టు టీచరు దరిదాపుల్లో ఉండకూడదు. ఇదంతా విజయకు చెప్పి, పిల్లలెక్కడున్నారని మాత్రం అడిగాను.

“అందరూ ఆకుకు పోయారు మేడం,” అంది.

ఆకు అంటే తునికాకు. బీడీలకు వాడే ఆకు. ఎండలు ముదిరే ఆ కొద్ది రోజులే దానికి సీజన్. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలోకి పోయి కోసుకొస్తారు. నీడకు కూర్చుని కట్టలు కడతారు. మధ్యాహ్నం దాటాక కల్లానికి, అంటే ఆకు కొని ఆరబెట్టే మైదానానికి మోస్తారు. అంటే నా సాక్షులు అడవంతా చెల్లాచెదురై ఉన్నారు, నాకున్నదేమో సోమవారం సాయంత్రం దాకా గడువు.

కొత్తగూడెం నుంచి కిరాయికి తెచ్చుకున్న జీపు డ్రైవరు యాకూబ్ నాకంటే తొందర మనిషి. “జల్దీ కానీయండి మేడం, గిట్ల ఆగుకుంట పోతే ఇయ్యాల ఒక్క ఊరు కూడ కాదు,” అని మొదటి గూడెం రాకముందే రెండుసార్లు అన్నాడు.

ఆ గూడెంలో ముగ్గురు దొరికారు. ఒక ఇంటి పందిరి కింద కూర్చుని మొదటి పిల్లను పిలిచాను. ‘వెన్’తోనో ‘ఇఫ్’తోనో ఒక వాక్యం చెప్పమన్నాను.

“వెన్ ద ఇప్ప ఫ్లవర్ ఫాల్స్...” అంది. అని ఆగిపోయింది.

“తరువాత?” అన్నాను. మళ్లీ అడిగితే అదే సగాన్ని కాస్త గట్టిగా చెప్పి, నా వంక చూసి, తల దించుకుంది. ‘జవాబు అసంపూర్ణం’ అని రాశాను. రెండో పిల్ల వాగు నిండినప్పుడు అని ఆగింది. మూడో పిల్ల కల్లం తెరిస్తే అని ఆగింది. మూడుసార్లూ అదే ముక్క రాశాను. నాకు లోపల ఒకటే చిరాకు. పందిరి కింద కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ లెక్క వేసుకున్నాను. అందరూ ఉమ్మడిగా రాసిన సగమే నోటికి వస్తోంది, మిగతాది రావడం లేదు. చీటీలో ఉన్నది ఆ సగమేనన్నమాట. కేసు తేలిపోయినట్టే. తేలిపోయినందుకు తేలిక పడాలి గానీ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత చిన్న పిల్లలు నా ముందు అబద్ధం ఆడుతున్నారనుకోవడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక కల్లానికి చేరాం. నేల నిండా ఆకు కట్టలు వరసలుగా పరిచి ఉన్నాయి. నాగమణి, శిరీష అనే ఇద్దరు పిల్లలు అక్కడున్నారు. నాగమణి తండ్రి నా దగ్గరికి వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఏంది మేడం, మా పిల్ల దొంగతనం చేసిందా? కేసు పెడతరా?”

కేసేమీ లేదని, రిజల్టు ఆపారని, నేను కనుక్కోవడానికి వచ్చానని చెప్పాను.

“ఆపితే ఇంకేముంది మేడం. గురుకులం కాలేజిల దానికి సీటు వచ్చింది. మెమో తెచ్చి చూపెడితేనే ఉంచుతమన్నరు. మీరు ఆపితే ఆ సీటు ఇంకొకలకు పోతది. ఇది నా ఎనక మిర్చి తోటలకు ఏరవోతది. నేను పదేండ్ల సంది ఏరుతున్న మేడం. అది ఏరొద్దని చదివిపిచ్చిన.”

పిల్లను పిలిచి, తండ్రిని దూరంగా వెళ్లమన్నాను. ఆయన వెళ్లాడు గానీ కట్టల వరసల చివర నిలబడి మా వైపే చూస్తున్నాడు. నాగమణి వేళ్లు ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి. ప్రశ్న అడిగాను.

“వెన్ ద స్ట్రీమ్ ఈజ్ ఫుల్...” అని ఆగింది.

ఇదీ అంతే అనుకున్నాను. అయితే ఈ పిల్ల తల దించుకోలేదు. గడ్డం ఎత్తి సూటిగా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. వాగు నిండినప్పుడు... వాగు నిండినప్పుడు... ఎండ, దాహం, వెనక యాకూబ్ హారన్, దూరంగా ఆ తండ్రి. నేను ఇక ఆగలేకపోయాను.

“ద టీచర్ కెనాట్ కమ్ టు స్కూల్!” అని అరిచేశాను. టీచరు బడికి రాలేరు.

పిల్ల ముఖం వెలిగింది. ఆలస్యం లేకుండా “బికాజ్ ద టీచర్ కెనాట్ కమ్...” అని మళ్లీ ఆగింది. టీచరు రాలేరు కాబట్టి.

“యూ ఆర్ హ్యాపీ,” అన్నాను. మీకు సంతోషం.

“నో మేడం. వుయ్ ఆర్ హంగ్రీ,” అంది. ఆకలితో ఉంటామట. నేను వింతగా చూస్తే తెలుగులో చెప్పింది. “స్టోర్‌రూము తాళంచెవి టీచర్ దగ్గర్నే ఉంటది మేడం.”

నేను జీవితంలో మొదటిసారి విచారణ మధ్యలో నేల మీద చతికిలబడ్డాను. ఇదంతా ఏంటని అడిగాను.

“విజయ టీచర్ గట్లనే నేర్పింది మేడం. ఒకలు ముందటి సగం అంటే ఇంకొకలు ఎనకటి సగం అనాలె. ఒక్కలే రెండు సగాలు అంటే ఆటల ఔట్.”

“మరి పరీక్షలో?”

“పరీక్షల ఇంకొకలు లేరు గద మేడం. రెండూ మేమే రాసినం. ఈడ మీరున్నరు గద.”

మొదటి సగాలు ఒకేలా ఎందుకున్నాయో కూడా అప్పుడే తెలిసింది. క్లాసులో ఒక వైపు వరస అంతా కలిసి మొదటి సగం అంటుంది. అది అందరికీ తెలిసిన సంగతి అయి ఉండాలి. వాళ్లందరికీ తెలిసినవి ఇప్పపువ్వు, వాగు, కల్లం. రెండో వైపు నుంచి ఎవరికి తోచినట్టు వాళ్లు పూర్తి చేస్తారు. ఇరవై మంది పిల్లలది ఒకే బతుకైతే ఇరవై వాక్యాలు ఒకేలా మొదలవుతాయి. మేం దానికి కాపీ అని పేరు పెట్టాం.

అయినా బట్టీ పట్టలేదని నమ్మకమేంటి? వాళ్ల పత్రాల్లో ఎక్కడా లేని సగం ఒకటి ఇవ్వాలి. ఇద్దరినీ ఒకరికొకరు వినపడనంత దూరంలో నిలబెట్టి, జీపు కదలకపోతే అని ఇద్దరికీ ఒకే సగం ఇచ్చాను. డ్రైవర్ జీపును తిడతాడు అంది నాగమణి. మీరు మాతో ఆకు కట్టలు కడతారు అంది శిరీష. నాగమణి ఇంగ్లీషులో ‘ద’ ఒకచోట పోయింది. మార్కు తగ్గించలేదు. యాకూబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆదివారం మళ్లీ మొదటి గూడెం వెళ్లాను. ఆ ముగ్గురిని కొత్త సగాలతో అడిగాను. ముగ్గురూ పూర్తి చేశారు. దొరికినంత మందిని అలాగే అడిగి, తరువాత ఇన్విజిలేటర్లతో మాట్లాడాను. విజయ వాంగ్మూలం, నియమం ప్రకారం, చివరికే తీసుకున్నాను. నిన్న నేను చెప్పనివ్వని మాటే ఆమె చెప్పింది.

సోమవారం నివేదిక ఇచ్చాను. మా అధికారి చదివి కళ్లద్దాలు తీశారు.

“మీరు మాట అందించినట్టు మీరే రాశారు. ఇది చెల్లదు కదా మేడం?”

ఆయన అన్నది న్యాయమే. నియమాన్ని మీరాను. ఏం జరిగిందో అదే రాశానని, నాకు తెలిసినంతలో ఆ పిల్లలు కాపీ కొట్టలేదని చెప్పాను. ఆయన సంతకం పెట్టలేదు. పెన్ను మూత పెట్టి ఆలోచిస్తున్నారు. నేను కూర్చోలేక లేచి వరండాలోకి వెళితే అక్కడ బెంచీ మీద నాగమణి, వాళ్ల నాన్న ఉన్నారు. నా మీద నమ్మకం లేకనో, ఉండబట్టలేకనో పొద్దున్నే బస్సెక్కి వచ్చేశారు. ఆ పిల్లను లోపలికి తీసుకెళ్లి, మీరే అడగండి సార్, కొత్త సగం ఇవ్వండి అన్నాను.

ఆయన నివేదిక మీద వేలు పెట్టి అన్నారు. “ఇఫ్ ఐ డు నాట్ సైన్ దిస్ పేపర్...” ఈ కాగితం మీద నేను సంతకం పెట్టకపోతే.

నాగమణి నా వైపు చూసింది. నేను నోరు బిగించుకుని గోడకేసి తిరిగాను. ఉద్యోగంలో నేను అంత కదలకుండా నిలబడింది ఆ ఒక్కసారే.

“మై ఫాదర్ విల్ నాట్ గో హోమ్,” అంది పిల్ల. మా నాన్న ఇంటికి పోడు.

అధికారి తలుపులోంచి వరండా వైపు చూశారు. తువ్వాలు చేతిలో పట్టుకుని ఆ మనిషి బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. అధికారి పెన్ను మూత తీశారు.

ఫలితాలు అందరితో పాటే వచ్చాయి. నాగమణి సీటు నిలిచింది. ఇద్దరు పిల్లలు మాత్రం లెక్కల్లో తప్పారు. ఆ పత్రాలు తెప్పించుకుని చూశాను, తప్పులు కూడా ఎవరివి వాళ్లవే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది చిన్నదే. విచారణ పత్రంలో ‘జవాబు లేదు’ అని రాయడానికి ఒక్క గీత సరిపోతుంది. అటుపైన నేను ఆ గీత గీయబోయే ప్రతిసారీ, ఎదుటి పిల్ల దేనికోసం ఆగిందో ముందు అడిగాను. కొన్నిసార్లు నిజంగానే జవాబు ఉండేది కాదు. అప్పుడు అదే రాశాను.