సలాం చెప్పకూడని చోటు

బురుల్చా అక్క కరకోల్ అనే ఊళ్ళో బడి యూనిఫారాలు కుడుతుంది. ఆదివారాలు మా ఆన్‌లైన్ ఆటకు పెద్ద దిక్కు. అందులో ఒక ఉత్తుత్తి నగరం ఉంది. వచ్చినవాళ్ళు ఏదో ఒక వేషం కట్టి, మైకులో మాట్లాడుతూ అక్కడ బతకాలి. అక్కడ బస్సులు సరిగా నడిచేలా చూడడం నా పని. అందరూ నియమాలు పాటించేలా చూడడం అక్క పని. నియమాలు మొత్తం తొంభై ఒకటి. ఆట యజమాని ఎర్కెబాయ్ వాటిని కోర్టు కాగితాల్లా రాశాడు. కొత్తవాళ్ళు అర్థంకాక తప్పు చేయడం, అక్క శిక్ష వేయడం, మళ్ళీ కూర్చుని వివరించడం. నాలుగేళ్ళుగా ఇదే.

నరీన్ అనే ఊరి నుంచి తొలొముష్ అనే ట్రాక్టర్ డ్రైవరు వచ్చాడు. మంచు పడ్డాక అతనికి పనుండదు, మాట్లాడే మనుషులు దొరికేది ఈ ఆటలోనే. ఒక ముసుగు దొంగ అతనికి తుపాకీ గురిపెట్టాడు. తొలొముష్ గొంతు గుర్తుపట్టి, "సలాం మామా, నడుం నొప్పి ఎలా ఉంది?" అన్నాడు. దొంగ వేషంలో ఉన్నది నిజంగానే అతని మేనమామ జుమాకదిర్. బయట తెలిసినది ఆటలో వాడకూడదని పదిహేడో నియమం. తొలొముష్ అలా రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే ఇక ఆటలోకి రానివ్వరు.

"మామ గొంతు విని సలాం చెప్పకుండా ఎట్లా అక్కా? మా అమ్మ తోలు తీస్తుంది."

"నియమం చదివావా?"

"మూడుసార్లు. 'పాత్రేతర సమాచార వినియోగం' అంటే కరెంటుకు సంబంధించిందేమో అనుకున్నా."

అక్క కత్తెర పక్కన పెట్టి, కళ్ళు నులుముకుని, ఆ పేరా మొత్తం కొట్టేసింది. ఇలా రాసింది: "ముసుగు ఉన్నంతసేపు మీ మామ మీకు తెలియదు. ఆట అయ్యాక ఫోన్ చేసి సలాం చెప్పండి."

ఎర్కెబాయ్ ముఖం చిట్లించాడు. "ఇది నియమమా, ఇంటికి రాసిన ఉత్తరమా?"

"నీది ఇన్నేళ్ళలో ఒక్కడికీ ఎక్కలేదు. ఇది ఒక్కడికైనా ఎక్కనీ," అంది అక్క.

మరుసటి ఆదివారం ముసుగు మామ మళ్ళీ అడ్డుపడ్డాడు. అక్కా నేనూ వింటున్నాం. తొలొముష్ చేతులెత్తాడు, పర్సు ఇచ్చాడు, పెదవి విప్పలేదు. అక్క ఊపిరి వదలబోయింది.

"ఏరా!" అంది ముసుగు. "మామకు సలాం చెప్పవా? అంత పెద్దవాడివైపోయావా?"

అక్క తల పట్టుకుంది. జుమాకదిర్ మూడేళ్ళ పాత ఆటగాడు. మూడు రోజులు ఆటలోకి రాకూడదని ఆయనకు శిక్ష పడింది.

"ఏ నియమం కింద?" అని ఫోన్‌లో అరిచాడు.

"పదిహేడు. ఎప్పుడైనా చదివారా అన్నా?"

"అవన్నీ కొత్తవాళ్ళకు కదమ్మా!"

 అక్క తను రాసిన ఆ రెండు వాక్యాలూ పంపింది. ఆయన నుంచి "సరే" అని వచ్చింది. అక్క నియమాల పేజీ పైన ఉన్న 'కొత్తవాళ్ళకు' అన్న మాట కొట్టేసి, తిరగరాయడానికి పద్దెనిమిదోది తెరిచింది.